సర్ రోనాల్డ్ రాస్: ప్రభుత్వముల వాకిట ఒక శస్త్రవైద్యుడు

పోర్ట్ బ్లెయిర్ రేవున కెదురుగా నున్న రాస్ దీవిని ఎరుగనివారు ఈ పట్టణమున ఉండరు. 2018 డిసెంబరులో ఆ దీవికి నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపమని పేరు పెట్టబడినది. 2024 సెప్టెంబరులో పట్టణమునకే శ్రీ విజయపురమను నూతన నామధేయము కలిగినది. అయినను పాతపేర్లు నాలుకను అంత త్వరగా విడువవు. ఆ దీవిపేరు విన్నప్పుడు, మలేరియాను దోమ వ్యాపింపజేయునని కనుగొనిన రాస్ వైద్యుని పేరిట అది ఏర్పడినదేమో యని కొందరు తలచుట సహజము. అది నిజము కాదు. ఆ పేరు సముద్రతీరములను కొలిచి పటములు వ్రాసిన నావికాధికారి డానియల్ రాస్‌కు చెందినది. కాని వైద్యుడగు రోనాల్డ్ రాస్‌కును ఈ దీవులకును సంబంధము లేకపోలేదు. 1881కిని 1894కిని నడుమ ఇండియన్ మెడికల్ సర్వీసు ఉద్యోగిగా ఆయన పనిచేసిన తావులలో మద్రాసు, బెంగుళూరు, బర్మా, సికింద్రాబాదులతోపాటు అండమాను దీవులును ఉన్నవి.

రాస్ పేరు మన తెలుగువారికి కొత్తది కాదు. సికింద్రాబాదు సమీపమున బేగంపేటలో ఆయన చేసిన పరిశోధనను గూర్చి బడిపిల్లలు సైతము చదివియున్నారు. అయితే ఆ కథ సాధారణముగా 1897 ఆగస్టు 20వ తేదీతో ముగియును. దోమ పొట్టలో రోగబీజము కనబడినది, నోబెల్ బహుమానము వచ్చినది, కథ కంచికి పోయినది అన్నట్లు చెప్పుకొందుము. ఆ దినము తరువాత ఆయన మరి ముప్పదియైదేండ్లు జీవించెను. ఆ కాలమంతయు ఆయన సాగించిన పోరాటము దోమలతో గాదు. మంత్రులతోను, గవర్నర్లతోను, ఆదాయవ్యయముల పట్టికలు చేతబట్టుకొని కూర్చుండిన అధికారులతోను. రోగకారణమును కనుగొనుట ఒక ఎత్తు. దానిని నివారింపుడని ప్రభుత్వములను ఒప్పించుట వేరొక ఎత్తు. ఈ రెండవ ఎత్తునకు సంబంధించిన జీవితకథను ఇచ్చట సంగ్రహముగా చెప్పదలచితిని.

రోనాల్డ్ రాస్ 1857 మే 13వ తేదీన హిమాలయ ప్రాంతమందలి ఆల్మోరాలో జన్మించెను. మీరట్‌లో సిపాయిల తిరుగుబాటు మొదలై అప్పటికి మూడు దినములు. తండ్రి సైన్యమున ఉన్నతాధికారి. పదిమంది సంతానములో రోనాల్డ్ పెద్దవాడు. ఎనిమిదవయేట ఇంగ్లండు పంపబడి అచ్చట పెరిగెను. ఆయనకు చిత్రలేఖనమనిన ప్రీతి, కవిత్వమనిన ప్రీతి, గణితమనిన మరియు ప్రీతి. వైద్యమనిన మాత్రము ప్రీతి లేదు. కుమారుడు ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరవలెనని తండ్రి పట్టుబట్టెను. తండ్రి మాట జవదాటలేక లండనులోని సెయింట్ బర్తలోమ్యూ ఆసుపత్రిలో చదివి, 1879లో రాయల్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్ సభ్యత్వ పరీక్షయందు ఉత్తీర్ణుడయ్యెను. వేరొక పరీక్ష తప్పి, కొంతకాలము ఓడలలో సర్జనుగా తిరిగి, 1881లో భారతదేశమునకు ఉద్యోగిగా వచ్చెను. ఆ కొలువులో వైద్యాధికారుల హోదాలకే సర్జను, సర్జన్ మేజరు అను పేర్లుండెడివి. కత్తిపట్టి చేసిన చికిత్సలచే రాస్‌కు కీర్తి రాలేదు. అయినను పట్టాచేతను, హోదాచేతను ఆయన శస్త్రవైద్యుడే. 1901లో ఆ కాలేజి ఆయనకు ఫెలో గౌరవము నిచ్చెను.

1883లో రాస్ బెంగుళూరు దండులో తాత్కాలికముగా సర్జను పదవియందుండెను. అచ్చట జరిగిన ఒక చిన్న సంఘటన ఆయన జీవితమునకంతకును మొదటి పాఠము వంటిది. ఆయన బసలో దోమలు మెండుగా నుండెను. కారణము వెదకగా, కిటికీ వెలుపల నీరు నిలిచిన తొట్టె యొకటి కనబడెను. అందులో దోమపిల్లలు కుప్పలుగా ఈదులాడుచుండెను. ఆయన ఆ తొట్టెను బోర్లించెను. దోమలు తగ్గిపోయెను. సంతోషముతో పటాలపు అడ్జుటెంటు కడకు పోయి, భోజనశాల చుట్టునున్న తొట్లను కూడ ఒలికింపించినచో అందరికిని సుఖము కలుగునని చెప్పెను. ఆ అధికారి సమ్మతింపలేదు. దోమలు కూడ ఏదియో ప్రయోజనమునకే సృష్టింపబడినవనియు, వానిని భరించుటయే మన ధర్మమనియు ఆతని సమాధానము. దోమకును మలేరియాకును గల సంబంధము అప్పటికి రాస్‌కు తెలియదు. కాని తొట్టె బోర్లించుట అరనిమిషపు పనియనియు, దానికి అనుమతి పొందుట అసాధ్యమైనను కావచ్చుననియు ఆ దినముననే తెలిసెను.

1888లో సెలవుపై ఇంగ్లండు వెళ్ళి ప్రజారోగ్య శాస్త్రమందు డిప్లొమా పొందెను. 1889లో వివాహము చేసికొనెను. 1894లో మరల సెలవుపై వెళ్ళినప్పుడు లండనులో పాట్రిక్ మాన్సన్ అను వైద్యుడు, ఫ్రెంచివాడగు లావెరాన్ 1880లో కనుగొనిన మలేరియా క్రిమిని సూక్ష్మదర్శినిలో ఆయనకు చూపించెను. ఆ క్రిమి బహుశః దోమలో పెరుగునని మాన్సన్ ఊహ. ఆ ఊహను మూటగట్టుకొని రాస్ 1895లో సికింద్రాబాదుకు వచ్చి పరిశోధన ఆరంభించెను.

పని మొదలిడి కొద్ది నెలలైనను గడవకమునుపే ప్రభుత్వము ఆయనను బెంగుళూరునకు పంపెను. అచ్చట కలరా ప్రబలియుండెను. పరిశోధన ఆగిపోయినందుకు ఆయన మొదట విచారించెను. కాని బావులు, మురుగుకాలువలు, పేదల వాడలు స్వయముగా తిరిగి చూచిన పిమ్మట ఆయన దృష్టి విశాలమయ్యెను. రోగిమంచము ప్రక్క నిలిచిన వైద్యుడు ఒకరిని రక్షించును. ఊరి నీటికి భద్రత కల్పించిన పాలకుడు వేలమందిని రక్షించును. కావున వైద్యుడు పాలకుని గుమ్మము తొక్కక తప్పదు. ఈ నిశ్చయము ఆయనకు బెంగుళూరు వీథులలో కలిగినది.

1897లో తిరిగి సికింద్రాబాదు చేరెను. ఆ వేసవి యెండలలో, విసనకఱ్ఱ విసరినచో సన్నని దోమలు ఎగిరిపోవునను భయమున చెమటలు కారుచు, తుప్పుపట్టిన సూక్ష్మదర్శినితో ఒక్కొక్క దోమను చీల్చి పరీక్షించెను. హుసేన్ ఖాన్ అను రోగి, కుట్టిన ఒక్కొక్క దోమకు ఒక అణా చొప్పున తీసికొని తన శరీరమును దోమల కప్పగించెను. ఆగస్టు 20వ తేదీన, రెక్కలపై మచ్చలుగల ఒక జాతిదోమ పొట్టగోడలో, మలేరియా క్రిమికి గుర్తయిన నల్లని రేణువులుగల కణములు కనబడినవి. శతాబ్దములుగా మానవుడు చెడుగాలి యని భ్రమించిన రోగము యొక్క దారి ఆ చిన్నగదిలో బయలుపడెను.

దేవుడు వరమిచ్చినను పూజారి వరమీయడని మనవారి సామెత. ఆ తరువాతి నెలలోనే ఆయనకు బదిలీ ఉత్తరువు వచ్చెను. రాజపుటానాలోని ఖేర్వారా అను చోట ఆయనను ఉంచిరి. అచ్చట పరీక్షించుటకు మలేరియా రోగులే అరుదు. మాన్సన్ లండనునుండి అధికారులకు చెప్పించి చెప్పించి, చివరకు 1898 ఫిబ్రవరిలో రాస్‌కు కలకత్తాలో ప్రత్యేక పరిశోధన పని ఇప్పించెను. మహమ్మద్ బక్స్ అను సహాయకుని తోడ్పాటుతో పక్షుల మలేరియాను పరీక్షించి, ఆ సంవత్సరము జూలైలో క్రిమి దోమ పొట్టనుండి లాలాజల గ్రంథులకు చేరుటయు, కాటుతో మరియొక పక్షికి సంక్రమించుటయు రుజువు చేసెను. మనుష్యుల మలేరియా విషయమున ఈ క్రమమునంతయు ఇటలీ శాస్త్రజ్ఞులు గ్రాసీ మున్నగువారు ఆ సంవత్సరాంతమున నిరూపించిరి. ఈ గౌరవము ఎవరిదను వివాదము రాస్‌ను జీవితాంతము విడువలేదు. 1902లో నోబెల్ బహుమానము ఆయనకు లభించినది.

1899లో భారత కొలువు విడిచి, లివర్‌పూల్ నగరమున నూతనముగా ఏర్పడిన ఉష్ణదేశ వైద్య పాఠశాలలో ఉపన్యాసకుడుగా చేరెను. ఇచ్చటినుండి ఆయన రెండవ జీవితము ఆరంభమయ్యెను.

ఆయన మొదట అడిగినది పెద్దదేమియు కాదు. ప్రతి పట్టణమునకును దోమలపై ఒక చిన్న దళము కావలెను. ఒక మేస్త్రి, కొందరు కూలీలు, ఒక బండి. వారు వీథివీథియు తిరిగి పగిలిన కుండలు, డబ్బాలు ఏరి పారవేయవలెను, గుంటలు పూడ్చవలెను, పూడ్చరాని గుంటలపై నూనె చల్లవలెను, కాలువలు తీయవలెను. 1902లో ఈ దళముల ఏర్పాటును గూర్చియే ఒక చిన్న గ్రంథము ప్రకటించెను. దానిని వైద్యులకంటె అధికముగా పట్టణముల పాలకులకొరకు వ్రాసెను. పశ్చిమాఫ్రికాలోని ఫ్రీటౌనులో 1901లో ఈ పని ఆరంభించినప్పుడు దానికి ధనమిచ్చినది ప్రభుత్వము కాదు, గ్లాస్గో నగరపు దాత యొకడు. దాత ఇచ్చునది ఒకసారి. ప్రభుత్వము ఇచ్చునది ఏటేట. దోమ ఏటేట పుట్టును గదా! ఈ తేడాను రాస్ పలుమారులు అధికారులకు విన్నవించెను.

1902 సెప్టెంబరులో సూయజ్ కాలువ కంపెనీవారు ఆయనను ఈజిప్టులోని ఇస్మాయిలియాకు పిలిచిరి. అచ్చట కాలువ ఉద్యోగుల పట్టణమున ఏటేట వందలకొలది జనులు జ్వరపడుచుండిరి. రాస్ తిరిగి చూచి, దోమలు పెరుగు తావులను గుర్తించి, చేయవలసిన పనులు చెప్పి వచ్చెను. కంపెనీవారు ధనమునకు వెనుదీయలేదు. 1902లో పదునైదు వందలకు పైగా నున్న జ్వరపీడితుల సంఖ్య 1903లో 214కును, 1904లో 90కిని, 1905లో 37కును దిగెను. ఒక వ్యాపార కంపెనీ తన లాభముకొరకు చేసిన పనిని ప్రభుత్వములు ప్రజలకొరకు చేయజాలవా యను ప్రశ్న ఆ అంకెలలోనే యున్నది. ఆనాటినుండి రాస్ ఎచ్చట మాటలాడినను ఈ అంకెలు ముందుంచెడివాడు.

మలయాలో క్లాంగ్ పట్టణ వైద్యుడగు మాల్కం వాట్సన్, రాస్ మార్గమున చిత్తడినేలలకు కాలువలు తీయింపవలెనని అచ్చటి ప్రభుత్వమును 1901లోనే ఒప్పించి జ్వరమును అణచెను. పనామాలో అమెరికా సైనిక వైద్యుడు గోర్గాస్‌కు మొదట కాలువ కమిషనువారు ధనము నిరాకరించిరి. దోమ సిద్ధాంతము పిచ్చిమాటయని వారి నమ్మకము. 1905లో ఇంజనీరు స్టీవెన్స్ ఆయన పక్షము వహించిన తరువాతనే పని సాగినది. 1904లో పనామా వెళ్ళి ఆ కృషిని రాస్ స్వయముగా చూచెను. శాస్త్రము అంతటను ఒకటియే. ఫలితము మాత్రము, పాలకుడు విన్నచోట ఒకటి, విననిచోట ఒకటి.

విననిచోట్లలో భారతదేశమొకటి యని రాస్‌కు తీరని వేదన. లాహోరు సమీపమున మియాన్ మీర్ అను దండులో 1901 ప్రాంతమున ప్రభుత్వమువారు దోమల నివారణను ప్రయోగముగా చేసి చూచిరి. కాలువనీటి పారుదల గల సమతల ప్రదేశమది. స్టీవెన్స్, క్రిస్టఫర్స్, జేమ్స్ అను వైద్యులు పనిచేసిరి. కొన్ని సంవత్సరముల పిమ్మట దోమలు తగ్గలేదు, జ్వరమును తగ్గలేదు, ఇట్టి తావులలో క్వినైను పంచుటయే మేలని ప్రభుత్వమువారు భావించిరి. రాస్ ఈ తీర్పునకు తీవ్రముగా ఎదురుతిరిగెను. ప్రయోగస్థలము మిక్కిలి చిన్నదనియు, చుట్టునుండి దోమలు ఎగిరివచ్చుచుండగా నడుమ కొంత చోటును శుభ్రపరచిన ఫలితమేమి తెలియుననియు, వెచ్చించిన ధనము అత్యల్పమనియు ఆయన వాదము. ఆ నేల స్వభావమును బట్టి పని మిక్కిలి కఠినమైనదని రెండవ పక్షమువారు చెప్పినదానిలోను సత్యము లేకపోలేదు. 1909 అక్టోబరులో సిమ్లాలో మలేరియాపై జరిగిన మహాసభలో కూడ ఈ వాదము చల్లారలేదు. అరకొరగా చేసి విఫలమైన ప్రయత్నము, అసలు చేయకపోవుటకంటె ఎక్కువ హాని చేయును. ఏలయన, అది మరి యత్నింపకుండుటకు ఒక సాకుగా మిగులును. రాస్ వాదములోని సారమిది.

ఈ వాదములనుండియే ఆయన గణితము పుట్టినది. దోమలనన్నిటిని చంపుట అసాధ్యము గదా, ఇక ప్రయత్నమేల యని అధికారులు అడుగుచుండిరి. రాస్ లెక్కకట్టి సమాధానము చెప్పెను. దోమల నన్నిటిని చంపనక్కరలేదు. ఒక ఊరిలో మనుష్యుల సంఖ్యనుబట్టి దోమల సంఖ్య ఒకానొక మేరకు దిగినచో, ఒక రోగినుండి రోగము వేరొకనికి చేరు అవకాశము సన్నగిల్లి, మలేరియా తనంతట తాను క్షీణించిపోవును. 1908లో మారిషస్ నివేదికలోను, 1910లో ప్రకటించి మరుసటి సంవత్సరము పెంచిన మలేరియా నివారణ గ్రంథములోను ఈ లెక్క విపులముగా నున్నది. అంటురోగముల వ్యాప్తిని నేడు ప్రపంచమంతటను గణించు శాస్త్రమునకు అది పునాదులలో ఒకటి. దానికి మూలము మాత్రము, సొమ్ము మంజూరు చేయవలసినవారు వేసిన ఒక ఆక్షేపణ!

మారిషస్ మాట వచ్చినది గనుక తెలుగువారు గమనింపదగిన విషయమొకటి కలదు. ఆ దీవి చెఱకుతోటలలో పనికి పోయిన కూలీలలో కోరంగి, విశాఖపట్టణ ప్రాంతముల తెలుగువారు కలరు. అచ్చట తెలుగువారిని కోరంగీలనియే పిలిచెడివారు. 1866–67 ప్రాంతమున మలేరియా ఆ దీవిలో ప్రవేశించి ఘోరమైన జననష్టము కలిగించెను. 1907 నవంబరునుండి మూడు నెలలు రాస్ ఆ దీవినంతయు తిరిగి, పిల్లల పొట్టలు తడిమి, ప్లీహము ఉబ్బినవారెందరో లెక్కించెను. ఏ తోటలో రోగమెంత గలదో, దాని నివారణకు ఎంత వ్యయమగునో తేల్చెను. ఖర్చు చెప్పక రోగమును మాత్రము వర్ణించిన నివేదిక కోశాధికారి బల్లపై నిలువదని ఆయనకు అప్పటికి అనుభవపూర్వకముగా తెలిసియుండెను. జ్వరముచేత రాజ్యమునకు కలుగు నష్టమెంత, నివారణకు వలయు ధనమెంత, ఈ రెంటిని త్రాసులో పెట్టి చూపుటయే ఆయన పద్ధతి.

ఇంతటి వానికిని లోపములు లేకపోలేదు. ఆయనకు కోపము త్వరగా వచ్చును, త్వరగా పోదు. గ్రాసీతో కలహము అటుండగా, తనకు దారి చూపిన మాన్సన్‌తోనే విరోధించి న్యాయవాదుల వరకు పోయెను. తనను గౌరవింపలేదని భారత ప్రభుత్వమును నిందించుట మానలేదు. మశూచికి టీకా కనుగొనిన జెన్నర్‌కు ఇంగ్లండు పార్లమెంటు 1802లో పదివేల పౌనులును, 1807లో ఇరువదివేల పౌనులును ఇచ్చియుండెను. ఆ దృష్టాంతము చూపి, ప్రజోపయోగకరమగు శాస్త్రకృషికి రాజ్యము ప్రతిఫలమీయవలెనని, 1914 యుద్ధమునకు పూర్వము, కోశమంత్రి లాయిడ్ జార్జికి విన్నపము పంపెను. అది ఫలింపలేదు. తనకొరకు అడుగుటచే ఆయన గౌరవము కొంత తగ్గినదని తలచినవారు కలరు. కాని ఆ విన్నపములోని ప్రశ్న స్వార్థపరమైనది మాత్రమే కాదు. రోగులకు చికిత్సచేసి ధనమార్జించు వైద్యుడు సుఖముగా నుండగా, రోగమే రాకుండునట్లు చేయుటకు జీవితము ధారపోసిన వానికి రాజ్యమేమి చేయవలెను? వినువారు కఠినులైనప్పుడు చెప్పువాని మృదుత్వము అవసరమని ఆయన తెలిసికొనలేదు. ఆయన ఓటములలో కొన్ని దొరల నిర్లక్ష్యమువలనను, కొన్ని ఆయన నాలుకవలనను కలిగినవని చెప్పక తప్పదు.

1914లో యుద్ధము మొదలైన నెలలోనే ఆయన పెద్దకుమారుడు ఫ్రాన్సుదేశమున లె కాతో రణరంగమందు మరణించెను. ఆ దుఃఖమును దిగమ్రింగి, ఆయన సైన్యమునకు వైద్యసలహాదారుగా పనిచేసెను. 1926లో లండనులో ఆయన పేరిట ఉష్ణదేశ వ్యాధుల సంస్థయు ఆసుపత్రియు వెలసినవి. 1927 జనవరి 7వ తేదీన కలకత్తాలో, తాను పరిశోధించిన ఆసుపత్రి వద్ద నిర్మింపబడిన స్మారకద్వారమును గవర్నరు లిట్టన్ ఆవిష్కరించినప్పుడు ఆయన స్వయముగా హాజరయ్యెను. వృద్ధాప్యమున ధనమునకు ఇబ్బంది కలిగి, తన పత్రములను 1928లో అమ్ముకొనెను. 1932 సెప్టెంబరు 16వ తేదీన లండనులో పరమపదించెను.

ఆయన పోరాటము ఫలించినదా? మన దీవులలోనే కొంత సమాధానము కలదు. మియాన్ మీర్ వివాదమున రాస్‌కు ఎదుటిపక్షమున నిలిచిన క్రిస్టఫర్స్ అండమానుల మలేరియాను పరీక్షించి వ్రాసిన నివేదిక 1912లో ప్రచురింపబడెను. ఇచ్చటి జ్వరము అడవిగాలివలన గాదనియు, సముద్రపు పోటునీరు చేరి నిలిచెడి ఉప్పుచిత్తడులలో పెరుగు ఒక జాతి దోమవలన ననియు, ఆ చిత్తడులకు చేరువనున్న బసలయందే రోగము మెండనియు అది తేల్చెను. ఏ నీటిలో ఏ దోమ పెరుగునో తెలిసిన పిమ్మట, ఏ నీటిని కట్టడి చేయవలెనో ఇంజనీరునకు చెప్పవచ్చును. వాదమున ప్రత్యర్థియైనవాడే రాస్ సూత్రమునకు ఈ తీరమున సాక్ష్యమిచ్చినాడు.

మన తెలుగు జిల్లాలకును అందులో భాగము కలదు. రాజాజీ మంత్రివర్గమున ప్రజారోగ్య మంత్రియగు టి. ఎస్. ఎస్. రాజన్ స్వయముగా వైద్యుడు. ఆ మంత్రివర్గ కాలముననే, 1939లో, మద్రాసు ప్రజారోగ్య చట్టము ఏర్పడినది. దోమలు పెరుగునట్లు నీరు నిలువ యుంచుట ఆ చట్టము దృష్టిలో ఇంటివాని సొంతవిషయము కాదు. ఊరికి చేసిన అపకారము. బెంగుళూరు దండులో 1883లో అడ్జుటెంటు నిరాకరించిన కోరిక, ఏబదియారు సంవత్సరములకు శాసనమయ్యెను.

స్వాతంత్ర్యము వచ్చునాటికి దేశమున ఏటేట సుమారు ఏడున్నర కోట్లమంది మలేరియా పాలగుచుండిరనియు, ఎనిమిది లక్షలమంది మరణించుచుండిరనియు అంచనా. 1953లో జాతీయ మలేరియా నివారణ పథకము ఆరంభమై, 1958లో నిర్మూలన పథకముగా మారినది. డి.డి.టి. చల్లుటచే 1965 నాటికి కేసులు సుమారు ఒక లక్షకు దిగినవి. రోగము పోయినదని అందరును తలచిరి. జాగ్రత్త సడలెను, మందుల సరఫరా కుంటువడెను, దోమలు డి.డి.టి.కి అలవాటుపడెను. 1976లో కేసులు అరువదినాలుగు లక్షలు దాటినవి. దోమ ఏటేట పుట్టును, కావున ధనమును శ్రద్ధయు ఏటేట కావలెనని రాస్ చెప్పినది ఎంత సత్యమో అప్పుడు మరల తెలిసినది. ఆ పాఠము నేర్చుకొనిన తరువాత కేసులు తిరిగి తగ్గుముఖము పట్టినవి.

నేడు బేగంపేటలో రాస్ పనిచేసిన భవనము ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆధీనమున ఆయన పేరనే యున్నది. ఆగస్టు 20వ తేదీని లోకమంతయు దోమల దినముగా పాటించుచున్నది. ఆయన జీవితమునుండి వైద్యులు నేర్చుకొనవలసిన దేదియో స్పష్టము: పాలకుని యొద్దకు పోవునప్పుడు లెక్కతో పోవలెను, ఖర్చుతో పోవలెను, చేసిచూపిన ఒక చిన్న దృష్టాంతముతో పోవలెను, సాధ్యమైనచో కొంచెము ఓర్పుతో పోవలెను.

కాని ఈ సంచికను చదువువారిలో వైద్యులు కొలదిమంది. కార్యాలయములలో కొలువు చేయువారమే అధికము. రాస్ వంటివాడు మనలో నెవ్వడో అరుదుగా పుట్టును. అడ్జుటెంటు మాత్రము మనలో ప్రతివానియందును ఉన్నాడు. ఆతడు దుష్టుడు కాడు, సుగుణవంతుడే. ఇన్నాళ్ళు లేనిది ఇప్పుడేల యని తలచువాడు, అంతే. ఎవరో వైద్యుడో, నర్సో, ఊరివాడో వ్రాసికొనిన విన్నపము మన బల్లమీదికి వచ్చును. అందులో అడిగినది ఒక తొట్టె బోర్లించుటయే కావచ్చును. ఆ కాగితముపై మనము వ్రాయు ఒక పంక్తి ఎందరి ఇండ్లలో జ్వరము వచ్చుటకో రాకుండుటకో కారణమగును. ఆ పంక్తి వ్రాయుటకు ముందు, బెంగుళూరులోని ఆ కిటికీని, దాని వెలుపలి తొట్టెను ఒక్కసారి తలచుకొందుముగాక.